"నో యాడెడ్ షుగర్" రాగి బిస్కెట్లు షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా? లేబుల్ మొత్తం టైప్ చేశాను, చూసి చెప్పండి

సుజాత_కె

ఒక రాగి బిస్కెట్ ప్యాకెట్ గురించి అడుగుతున్నాను. కంపెనీ పేరు అనవసరం, ఇలాంటివి ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో ర్యాకు నిండా ఉన్నాయి. ఇంట్లో మామయ్యగారికి షుగర్, మాత్రల మీద ఉన్నారు. సాయంత్రం టీతో ఒక ఐదు బిస్కెట్లు తింటారు. పాపకి తొమ్మిదేళ్లు, స్కూలు డబ్బాలో పెట్టొచ్చా అన్నది ఇంకో సందేహం.

ముందు వైపు పెద్ద రాగి కంకి బొమ్మ. దాని చుట్టూ "నో యాడెడ్ షుగర్", "హై ఫైబర్", "జీరో ట్రాన్స్ ఫ్యాట్", "రాగుల కాల్షియం".

వెనక వైపు అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే ఇలా ఉంది:

పదార్థాలు: రిఫైన్డ్ గోధుమ పిండి (మైదా) 38%, పామాయిల్, రాగి పిండి 15%, మాల్టిటాల్ (ఐఎన్ఎస్ 965), మాల్టోడెక్స్‌ట్రిన్, గోధుమ పొట్టు, పాలపొడి, ఉప్పు, పొంగించే పదార్థాలు, ఎమల్సిఫయర్ (ఐఎన్ఎస్ 322), స్వీటెనర్ (ఐఎన్ఎస్ 955).

100 గ్రాములకి: శక్తి 445 కిలో కేలరీలు, ప్రోటీన్ 7 గ్రా, కార్బోహైడ్రేట్ 68 గ్రా (అందులో మొత్తం చక్కెరలు 1.8, కలిపిన చక్కెర 0, పాలియాల్స్ 14, పీచు 7), కొవ్వు 20 గ్రా (శాచురేటెడ్ 9.5, ట్రాన్స్ 0), కొలెస్ట్రాల్ 2 మి.గ్రా, సోడియం 380 మి.గ్రా.

ఒక సర్వింగ్: 16 గ్రా (2 బిస్కెట్లు). కింద ఒక మూల "పాలియాల్స్ వల్ల విరేచనాలు కావచ్చు" అని, "సుక్రలోజ్ ఉంది, పిల్లలకు సిఫారసు చేయబడదు" అని ఉన్నాయి.

ముందు రాసినవి అబద్ధాలా? మామయ్యగారు తినొచ్చా? ర్యాకు దగ్గర నిలబడి రెండు ప్యాకెట్లు పోల్చాలంటే మొదట ఏ వరస చూడాలి?

లేబుల్_మేస్త్రి

పాప సంగతి మీరే చివరి లైన్లో టైప్ చేశారండీ. మళ్లీ ఒకసారి చదవండి.

ముందు వైపు అబద్ధం ఒక్కటీ లేదు. ఒక్కొక్కటీ తీసుకుందాం.

పదార్థాల జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలి, అది రూలు. మీ ప్యాకెట్లో మొదట మైదా, తర్వాత పామాయిల్, ఆ తర్వాత రాగి. అంటే రాగి బిస్కెట్లో రాగుల కంటే పామాయిల్ ఎక్కువ. పామాయిల్ పక్కన శాతం ఎందుకు లేదంటే, పేరులోనో బొమ్మలోనో చూపించి చెప్పుకున్న పదార్థానికే శాతం తప్పనిసరి. రాగి కంకి బొమ్మ వేశారు కాబట్టి 15% రాయక తప్పలేదు. ముందు వైపు ఏ బొమ్మ కనిపించినా, వెనక దాని శాతం ఎంతో వెతకండి. ఇంతకంటే త్వరగా పని తేల్చే చిట్కా నాకు తెలీదు.

పామాయిల్ ఎంత పడిందో కొవ్వు వరస చూసినా పోల్చుకోవచ్చు. 20 గ్రాముల కొవ్వులో 9.5 శాచురేటెడ్, అంటే దాదాపు సగం. పొద్దుతిరుగుడు నూనె వాడి ఉంటే పదో వంతు దగ్గర ఉండేది. సగానికి సగం వచ్చిందంటే పామాయిలో, వెన్నో, కొబ్బరినూనో అయ్యుండాలి. కొలెస్ట్రాల్ 2 మిల్లీగ్రాములే ఉంది కాబట్టి వెన్న కాదు.

"జీరో ట్రాన్స్ ఫ్యాట్" నిజమే. 100 గ్రాములకి 0.2 గ్రాము కంటే తక్కువ ఉంటే ఆ మాట రాసుకోవచ్చు. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని దేశమంతా రూలు ఉంది. వనస్పతి మానేసి పామాయిల్ పోస్తే ట్రాన్స్ దానంతటదే పడిపోతుంది, శాచురేటెడ్ మాత్రం అలాగే ఉంటుంది. ముందు వైపు మొదటిదాని గురించే చెప్పారు.

"హై ఫైబర్" కూడా నిజమే. 100 గ్రాములకి 6 గ్రాములు ఉంటే చాలు, వీళ్లకి 7 ఉంది. కానీ 100 గ్రాములంటే పన్నెండు బిస్కెట్లు దాటుతుంది. మామయ్యగారు తినే ఐదింటిలో (40 గ్రా) పీచు 2.8 గ్రాములు. రోజుకి 30 గ్రాములు కావాలి.

"రాగుల కాల్షియం": 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నిజం. ఐదు బిస్కెట్లలో రాగి పిండి 6 గ్రాములు, అంటే కాల్షియం 22 మిల్లీగ్రాములు. 30 గ్రాముల పిండితో ఒక గ్లాసు జావ కాస్తే 109. (చోళ్లన్నా, తైదలన్నా ఇవే. విశాఖ వైపు వాళ్లు, తెలంగాణ వాళ్లు కంగారు పడకండి.)

పోల్చేటప్పుడు 100 గ్రాముల వరస మాత్రమే చూడండి. సర్వింగ్ సైజు కంపెనీ ఇష్టం. ఒకరు 16 గ్రాములని, ఇంకొకరు 25 అని రాస్తారు. సర్వింగ్ చిన్నదైతే పక్కన ఆర్డీఏ (రోజువారీ మోతాదు) శాతాలన్నీ ముద్దుగా కనిపిస్తాయి. మీ ప్యాకెట్లో సర్వింగుకి శాచురేటెడ్ 1.5 గ్రాములు, 7 శాతం. ఐదు బిస్కెట్లకి 3.8 గ్రాములు, 17 శాతం. ఆ శాతాలు దేని మీద కడతారంటే: శక్తి 2000 కిలో కేలరీలు, మొత్తం కొవ్వు 67 గ్రా, శాచురేటెడ్ 22 గ్రా, ట్రాన్స్ 2 గ్రా, కలిపిన చక్కెర 50 గ్రా, సోడియం 2000 మి.గ్రా. ఈ జాబితాలో కార్బోహైడ్రేట్ లేదు. షుగర్ ఉన్నవాళ్లకి ముఖ్యంగా కావాల్సిన అంకెకి శాతమే ఉండదన్నమాట.

ఇక చక్కెర. కలిపిన చక్కెర సున్నా కాబట్టి, 14 గ్రాముల పాలియాల్స్ (పంచదార బదులు వాడే తీపి పదార్థాలు, ఇక్కడ మాల్టిటాల్) తీసేస్తే ఈ బిస్కెట్లో గ్లూకోజ్ పెంచేది పెద్దగా లేనట్టే.

డైట్_డెస్క్

మేస్త్రి గారూ, చివరి పేరా ఒప్పుకోను. 68లోంచి పాలియాల్స్ 14, పీచు 7 తీసేసినా ఇంకా 47 గ్రాములు మిగిలాయి కదా. అది మైదా, రాగి, మాల్టోడెక్స్‌ట్రిన్. అదంతా గ్లూకోజ్ అయ్యేదే.

లేబుల్ మీద "చక్కెరలు" అంటే చిన్న అణువులు మాత్రమే: గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పంచదార, పాలలో లాక్టోజ్, ఈ కోవ. పిండి ఆ వరసలోకి రాదు. మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే పిండిని ముక్కలు చేసి ఆరబెట్టిన పొడి. అణువు పొడవు కాస్త ఎక్కువ కాబట్టి అది చాలావరకు కార్బోహైడ్రేట్ వరసలో పడుతుంది, చక్కెర వరసలో పడదు. నోటికి తీపి తెలీదు, రక్తంలో మాత్రం పంచదార కంటే వేగంగా గ్లూకోజ్‌ని ఎక్కిస్తుంది. "నో యాడెడ్ షుగర్" అని రాసిన పొడుల్లో, బార్లలో, బిస్కెట్లలో ముందుగా వెతకాల్సిన పేరు ఇదే.

మాల్టిటాల్ కూడా సున్నా కాదు. పాలియాల్స్‌లో గ్లూకోజ్‌ని ఎంతో కొంత పెంచే రకం అది, పంచదారతో పోలిస్తే సుమారు సగం. ఎరిత్రిటాల్ (ఐఎన్ఎస్ 968) అయితే దాదాపు పెంచదు. రెండూ "పాలియాల్స్" అనే ఒకే వరసలో ఉంటాయి కాబట్టి పదార్థాల జాబితాలో ఐఎన్ఎస్ నంబరు (ఆహారంలో కలిపే పదార్థాల కోడు) చూసి విడదీసుకోవాలి. 965 మాల్టిటాల్, 420 సార్బిటాల్, 967 జైలిటాల్.

సుజాత గారి మామయ్యగారి లెక్క ఇది. ఐదు బిస్కెట్లు, 40 గ్రాములు. పిండి పదార్థం 47లో 40 శాతం, 18.8 గ్రాములు. మాల్టిటాల్ 5.6 గ్రాములు, సగం వేసుకుంటే 2.8. మొత్తం 21.6. సుమారు రెండు ఇడ్లీల దగ్గరికి వస్తుంది. మామూలు మేరీ రకం బిస్కెట్లలో 100 గ్రాములకి కార్బోహైడ్రేట్ 75 దాటుతుంది, అదే 40 గ్రాములకి 30. అంటే లాభం ఉంది, 30 బదులు 21 చిల్లర. కానీ మేరీ రకంలో కొవ్వు సుమారు 11, 12 ఉండే చోట ఇక్కడ 20 అయింది.

కాబట్టి తినకూడదని కాదు. టీతో రెండు తింటే ఇబ్బంది లేదు. "షుగర్ లేదు కదా" అని ఐదు తిన్నప్పుడే తేడా వస్తుంది, రాత్రి భోజనం ముందు మీటరు పెడితే అంకె ఎక్కడుందో తెలుస్తుంది. మాత్రలు వేసుకునేవాళ్లు ఈ బిస్కెట్లని భోజనం లెక్కలో కలుపుకోవాలి, బయట పెట్టకూడదు.

పాపకి: పాలియాల్స్ పెద్దపేగులో పులుస్తాయి, నీళ్లు లాగుతాయి. పిల్లల ఒంటి బరువు తక్కువ కాబట్టి గ్యాసు, కడుపు నొప్పి, పల్చటి విరేచనం తొందరగా వస్తాయి. ఏదో తేడా తిండి తిన్నదని అనుకుంటాం, కారణం ఈ ప్యాకెట్టే అయ్యుండొచ్చు.

లేబుల్_మేస్త్రి

నిజమే, తప్పు నాదే. మొత్తం చక్కెరల వరస చూసి మాట్లాడాను, కార్బోహైడ్రేట్ వరస చూడాల్సింది. పైన దిద్దకుండా అలాగే ఉంచుతున్నాను, ర్యాకు దగ్గర అందరూ చేసే పొరపాటు ఇదే కాబట్టి.

సుజాత_కె

ఇద్దరికీ థాంక్స్ అండీ. ఐదు కాస్తా రెండయ్యాయి, పాప డబ్బాలోంచి తీసేశాను. అదే ట్రిప్పులో కొన్న మిగతావి: "హై ప్రోటీన్" ఓట్స్ మ్యూస్లీ (100 గ్రాములకి ప్రోటీన్ 11.5 గ్రా, శక్తి 410), "కొలెస్ట్రాల్ ఫ్రీ, లైట్" అని రాసిన నూనె, "అసలు పండ్లతో" మామిడి డ్రింకు, సోడియం తక్కువ ఉప్పు. వీటి సంగతి?

లేబుల్_మేస్త్రి

మ్యూస్లీ వరకు నేను చెప్తాను.

2018 నాటి ప్రకటనలు, క్లెయిముల నిబంధనల ప్రకారం ఘన పదార్థంలో 100 గ్రాములకి రోజు అవసరంలో 20 శాతం ప్రోటీన్ ఉంటే "హై ప్రోటీన్" అనొచ్చు. పెద్ద మగమనిషికి రోజుకి 54 గ్రాములు అని వేసుకుంటే 20 శాతం 10.8 గ్రాములు. మీ మ్యూస్లీ 11.5, పాసైపోయింది. కానీ చూడండి, మామూలు గోధుమ పిండిలోనే 10.5 దాకా ఉంటుంది. కందిపప్పులో 21 పైన, వేరుశనగల్లో 23 పైన. పప్పు డబ్బా మీద ఎవరూ "హై ప్రోటీన్" అని రాయరు, పాపం.

అదే నిబంధనలో ఇంకో దారి ఉంది: 100 కిలో కేలరీలకి రోజు అవసరంలో 10 శాతం, అంటే 5.4 గ్రాములు. ఇది కఠినమైన పరీక్ష. మీ మ్యూస్లీ 410 కేలరీలకి 11.5 గ్రాములు, అంటే 100 కేలరీలకి 2.8. ఈ దారిలో పోతే ఫెయిల్. రెండిట్లో ఒకటి చాలు కాబట్టి ఎవరైనా తేలికదే పట్టుకుంటారు. ర్యాకు దగ్గర మీరు చేయాల్సింది: ప్రోటీన్ గ్రాముల్ని 4తో గుణించి కేలరీలతో భాగించండి. 11.5 × 4 = 46, దాన్ని 410తో భాగిస్తే 11 శాతం. 20 దాటితే ప్రోటీన్ కోసం కొన్నట్టు. 11 అంటే ఓట్స్ కొన్నట్టు, అంతే.

మిగతా మాటల హద్దులు కూడా ఇక్కడే పడేస్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి. అన్నీ ఘన పదార్థం 100 గ్రాములకి. "లో ఫ్యాట్" 3 గ్రాముల లోపు, "ఫ్యాట్ ఫ్రీ" 0.5. "లో షుగర్" 5 గ్రాముల లోపు, "షుగర్ ఫ్రీ" 0.5. "లో సోడియం" 120 మిల్లీగ్రాముల లోపు. పీచు "సోర్స్" అంటే 3 గ్రాములు, "హై" అంటే 6. ద్రవాలకి కొవ్వు, చక్కెర హద్దులు సగం: లో ఫ్యాట్ 1.5, లో షుగర్ 2.5. "25 శాతం తక్కువ" లాంటి పోలిక మాట వాడితే, దేనితో పోల్చారో అక్కడే రాయాలి. చాలాసార్లు తమ సొంత పాత రకంతోనే పోలుస్తారు. అది ఉప్పుకుండ అయితే 25 శాతం తగ్గించినా ఉప్పుకుండే.

సోడియం అంకెని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. మీ బిస్కెట్లో 380, అంటే 100 గ్రాములకి దాదాపు గ్రాము ఉప్పు. తీపి బిస్కెట్లో!

గానుగ_గోపి

నూనె సంగతి నేను అందుకుంటాను.

కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే కొవ్వులో ఉండేది. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, తవుడు, ఏ నూనెలోనూ అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. "కొలెస్ట్రాల్ ఫ్రీ" అన్నది ఒక బ్రాండు గొప్పతనం కాదు, పక్కనున్న బ్రాండుదీ అంతే. చూడాల్సింది శాచురేటెడ్ వరస.

"లైట్" అంటే రంగో, జిగటో, వాసనో తక్కువ అని అనుకోండి. ఏ నూనె అయినా 100 గ్రాములకి 900 కిలో కేలరీలే. చెంచా తగ్గిస్తేనే కేలరీలు తగ్గుతాయి.

సీసా ముందు ఆలివ్ కొమ్మో, వరి కంకో పెద్దగా వేసి ఉంటే, కింద "మల్టీ సోర్స్ ఎడిబుల్ ఆయిల్" (ఇదివరకు "బ్లెండెడ్ ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్" అని రాసేవారు) అనే మాట ఉందేమో చూడండి. ఉంటే అది రెండు నూనెల కలగలుపు. ఏ నూనె అయినా కనీసం 20 శాతం ఉండాలని రూలు, శాతాలు కూడా రాయాలి. బొమ్మ 20 శాతం నూనెది, సీసాలో 80 శాతం ఇంకో నూనె, ఇలాంటివి కనిపిస్తాయి. మోసం కాదు, శాతం రాసే ఉంటుంది. ధర మాత్రం బొమ్మ చూసి కట్టినట్టు ఉంటుంది.

"+ఎఫ్" గుర్తు ఉంటే విటమిన్ ఎ, డి కలిపారని. ఆ గుర్తు పనికొచ్చేదే, దాన్ని అనుమానించక్కర్లేదు.

వార్డు_నర్సు

మామిడి డ్రింకు. "ఫ్రూట్ డ్రింకు", "ఫ్రూట్ బెవరేజ్" అనిపించుకోడానికి పండు రసం 10 శాతం చాలు, నిమ్మ జాతికి 5 శాతమే. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ఈ 10 శాతం గుజ్జు సంగతి ప్రత్యేకంగా హెచ్చరించారు. కాబట్టి పేరు కింద చిన్న అక్షరాల్లో ఏ తరగతి రాశారో చూడండి: జ్యూస్, నెక్టార్, డ్రింకు, మూడూ వేరు.

చిక్కబరిచిన పండ్ల రసాన్ని (కాన్సన్‌ట్రేట్) నీళ్లతో కలిపి మళ్లీ జ్యూస్ చేసినవాటి మీద "100% ఫ్రూట్ జ్యూస్" అని రాయడం మానేయమని ఎఫ్ఎస్ఎస్ఎఐ (దేశంలో ఆహార నిబంధనలు చూసే ప్రభుత్వ సంస్థ) 2024 జూన్‌లో చెప్పింది. పాత ప్యాకింగ్ వాడేసుకోడానికి ఆ సెప్టెంబరు 1 దాకా గడువు ఇచ్చింది. ఇక "నో యాడెడ్ షుగర్" జ్యూస్ అంటే పండులో చక్కెర ఉండదని కాదు. ఆపిల్ జ్యూస్ 100 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాములు సొంత చక్కెరే. 200 డబ్బా తాగితే 20 గ్రాములు, పీచు లేకుండా.

అడగకపోయినా ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది లేబుల్ పొరపాట్లలో ప్రాణం మీదికి తెచ్చేది. పాపకి విరేచనాలైనప్పుడు మందుల షాపులో టెట్రా ప్యాకులో అమ్మే తియ్యటి డ్రింకు కొనకండి. డబ్ల్యూహెచ్ఓ ఓఆర్ఎస్ అంటే లీటరు నీళ్లకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాముల పొడి. పేరులో ఓఆర్ఎస్ అక్షరాలు పెట్టుకుని అమ్మిన డ్రింకుల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. లెక్క మీరే వేయొచ్చు: 200 మిల్లీలీటర్లకి చక్కెర 16 గ్రాములు అని ఉంటే లీటరుకి 80, దాదాపు ఆరు రెట్లు. అంత చక్కెర పేగులోకి వెళ్తే అది ఒంట్లోంచి నీళ్లు లాగుతుంది, విరేచనం ఆగకపోగా పెరుగుతుంది. సోడియం చాలదు.

దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఎఐ, ఆ సూత్రం ప్రకారం లేని ఏ పానీయం పేరులోనూ, ట్రేడ్‌మార్కుకి ముందూ వెనకా తగిలించి కూడా, ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. పేరు మారినా డబ్బా రంగు, బొమ్మ పాతవే ఉండొచ్చు, కాబట్టి పొడి సాచెట్ అడగండి. దాని మీద "డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా" అని ఉండి, వెనక పైన చెప్పిన నాలుగు అంకెలు ఉండాలి. సాచెట్ మీద ఎన్ని నీళ్లు అని రాస్తే అన్నే పోయాలి. 1 లీటరు సాచెట్‌ని గ్లాసుకి కొంచెం కొంచెం కలపడం పెద్ద తప్పు, ఏ గ్లాసులో ఎంత పడిందో తెలీదు. కలిపినది 24 గంటల్లో వాడేయాలి.

డైట్_డెస్క్

ఉప్పు మిగిలిపోయింది. సోడియం తగ్గించిన ఉప్పులో తగ్గించిన చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీ ఉన్న చాలామందికి మంచిదే. కానీ కిడ్నీ సరిగా లేనివాళ్లకి, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకి పొటాషియం ఒంట్లో పేరుకుని గుండె లయ తప్పొచ్చు. మామయ్యగారికి షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే కిడ్నీ ఎలా ఉందో తెలీకుండా ఆ ఉప్పు వంటింట్లోకి తేవద్దు. క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించి డాక్టరుని అడగండి. ఈ ప్యాకెట్ మీద ముందు వైపు గుండె బొమ్మే ఉంటుంది, కిడ్నీ మాట వెనక ఎక్కడో.

కొట్టు_శీను

ఇన్ని లెక్కలు ఎవరు వేస్తారు సార్. ఎఫ్ఎస్ఎస్ఎఐ ముద్ర ఉంటే ప్రభుత్వం పరీక్షించినట్టే కదా. లేదంటే లూజు పిండి కొనుక్కుంటే గొడవే లేదు.

లేబుల్_మేస్త్రి

ముద్ర కింద ఉన్న 14 అంకెలు లైసెన్సు నంబరు, శీను గారూ. ఈ తయారీదారు వ్యాపారం చేయడానికి అనుమతి ఉంది అని మాత్రమే దాని అర్థం. బండికి నంబర్ ప్లేటు ఉన్నంత మాత్రాన డ్రైవరు బాగా నడుపుతాడని కాదుగా. లూజు పిండికైతే శాతాలూ లేవు, తేదీ లేదు, బ్యాచ్ లేదు. తెలిసిన మిల్లులో కళ్ల ముందు ఆడిస్తే వేరే సంగతి.

లెక్కలు రోజూ వేయక్కర్లేదు. ఒక వస్తువుకి ఒకసారి వేసి బ్రాండు ఖాయం చేసుకుంటే, ఆర్నెల్లకోసారి వెనక వైపు చూస్తే చాలు. ముందు వైపు "కొత్త రుచి", "కొత్త ప్యాక్" అని కనపడినప్పుడు మాత్రం మళ్లీ చూడండి, శాతాలు మారేది అప్పుడే.

నిజంగా తప్పు రాసిన ప్యాకెట్ దొరికితే: ఆరు వైపులా ఫొటోలు తీయండి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ స్పష్టంగా పడాలి, బిల్లు దాచుకోండి, వీలైతే సీలు విప్పని ఇంకో ప్యాకెట్ కొని పెట్టండి. ఎఫ్ఎస్ఎస్ఎఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చేయొచ్చు. ఫిర్యాదులో "ఇది ఆరోగ్యానికి మంచిది కాదు" అని రాస్తే పక్కన పడేస్తారు. "రాగి బొమ్మ ఉంది, రాగి శాతం లేదు" అనో, "లో షుగర్ అని ఉంది, వెనక 9 గ్రాములు ఉంది" అనో రాయండి. ఆహార భద్రత చట్టంలో తప్పుడు లేబుల్‌కి 3 లక్షల దాకా, తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా ఉంది. కాకపోతే సుజాత గారి బిస్కెట్ మీద పెట్టినా నిలవదు. అడగాల్సినవన్నీ వెనక రాసే ఉన్నాయి.

రూళ్లు కూడా కదులుతుంటాయి. 2024 ఆగస్టు 21న పాల మీద, నెయ్యి మీద ఎ1, ఎ2 అనే మాటలు తీసేయమన్నారు, 26న ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. ఐదు రోజులు! అందుకే ముందు వైపు మాటల్ని నమ్ముకునే కంటే వెనక అంకెలు చూడటం నయం.

సుజాత_కె

ఇందాక మళ్లీ వెళ్లాను. ఇంకో రాగి బిస్కెట్ ఉంది. పదార్థాలు: రాగి పిండి 52%, బెల్లం, వెన్న, పాలపొడి, ఉప్పు. మైదా లేదు, పామాయిల్ లేదు, మాల్టోడెక్స్‌ట్రిన్ లేదు. ఇది నయమే కదా?

డైట్_డెస్క్

జాబితా శుభ్రంగా ఉంది. కలిపిన చక్కెర వరసలో ఎంతుంది?

సుజాత_కె

22 గ్రాములు.

డైట్_డెస్క్

అది బెల్లమే. లేబుల్ లెక్కలో అదీ కలిపిన చక్కెరే, రక్తానికీ అంతే. ఐదు బిస్కెట్లకి 8.8 గ్రాములు, రెండు చెంచాల పంచదార. పాపకి రెండు పెట్టొచ్చు. మామయ్యగారికి పాతవే రెండు నయం. ముందు వైపు "నో రిఫైన్డ్ షుగర్" అని ఉందా?

సుజాత_కె

ఉందండీ. ఆకుపచ్చ అక్షరాల్లో.